ఎవరి తాలూకు?

బరంపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. నాలుగు తరాల కథ ఎత్తుకున్నందుకు చాలా సంతోషం. ఒక్క విషయం మాత్రం చదువుతున్నంతసేపూ ఇబ్బంది పెట్టింది. పెళ్ళిలోనూ, పొలం గొడవలోనూ, చావింట్లోనూ నీ మనుషులంతా 'మన వంశం' అనే మాట్లాడతారు. మన ఇళ్ళల్లో ఆ మాట అంత తరచుగా వినపడదమ్మా. మగపిల్లాడు పుడితే 'వంశం నిలబడింది' అంటారు, కడుపుమంటతో శపించేటప్పుడు 'నిర్వంశం అయిపోతారు' అంటారు. అలాంటి చోట్లకి దాన్ని దాచిపెట్టు. అప్పుడే దెబ్బ గట్టిగా తగులుతుంది.

కొత్తమనిషి వీధిలోకి వస్తే మన పెద్దవాళ్ళు వంశం అడగరు, 'ఎవరి తాలూకు?' అని అడుగుతారు. తండ్రెవరు, తాతెవరు, ఏ వీధి, ఏ ఇల్లు, అన్నీ ఆ ఒక్క ప్రశ్నకే చెప్పాలి. సంబంధం మాటలప్పుడు గోత్రం కావాలి. చావు కబురు వస్తే మైల ఎవరెవరికని లెక్క చూస్తారు, అప్పుడు మైల పట్టేవాళ్ళు పాలివాళ్ళు. అదే మనుషులు పొలం గట్టు దగ్గర కర్రలు పట్టుకుంటే దాయాదులు. నీ మూడో అధ్యాయంలో పెద్దాయన పోయిన రాత్రి, కేసు వేసిన తమ్ముడి కొడుకులు గుమ్మంలోకి వచ్చి నిలబడతారు. వాళ్ళ మనసులో ఏముందో పేజీ నిండా వివరించావు. అదంతా తీసెయ్. ఒకడి చేత 'మనకీ పది రోజులు మైలే' అనిపించు, చాలు.

తద్దినంలో పేరు పెట్టి పిండం పెట్టేది తండ్రి, తాత, ముత్తాత, ఈ ముగ్గురికే. ఆ పైవాళ్ళందరూ 'పెద్దలు' అనే మాటలో కలిసిపోతారు. అందుకని మీ మూలపురుషుడి గురించి అన్నీ తెలిసినట్టు రాయకు. ముత్తాత దాటాక పేర్లు మసకబారనీ, ఇద్దరు ముసలివాళ్ళు ఆ పేరు మీద వాదించుకోనీ.

ఇక నీ కథ జరిగే చోటు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఇటు ఒడిశాలోకి వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు మద్రాసు వైపే ఉండిపోయింది. గిడుగు రామమూర్తి గారంతటి మనిషి ఆ కలపడం ఇష్టం లేక ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఉండిపోయినవాళ్ళ పిల్లలకి బడిలో ఒడియా పద్ధతిలో ఇంటిపేరు చివరికి వెళ్ళింది. శుభలేఖలో మళ్ళీ ముందుకొస్తుంది. ఇలాంటి వివరం ఒక్కటి పడినా చదివేవాడికి ఊరు తెలిసిపోతుంది.

మేనరికం సంగతి కూడా నువ్వు తొందరగా దాటేశావు. ఒడియా ఇళ్ళల్లో మేనమామ పిల్లలు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే, పెళ్ళి ఊసే ఉండదు. మనకి వాళ్ళు బావా మరదలూ. నీ కథానాయిక తన ఒడియా స్నేహితురాలితో 'మా బావతో పెళ్ళి కుదిరింది' అని చెప్పే చోట రెండు లైన్లే ఉన్నాయి. అక్కడ ఆగాలి. ఆ స్నేహితురాలు ఏమంటుంది? ఈ పిల్లకి మొదటిసారి సిగ్గేస్తుందా, కోపం వస్తుందా? నీ లాయరు పాత్రకి పనికొచ్చేది ఒకటి చెబుతాను. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం తండ్రి వైపు ఐదు తరాలు, తల్లి వైపు మూడు తరాల లోపు సపిండులు, అంటే దగ్గరి రక్తసంబంధీకులు, పెళ్ళి చేసుకోకూడదు. కానీ ఆచారం ఉన్నచోట ఒప్పుకుంటుంది. మన మేనరికాలు నిలబడింది ఆ మినహాయింపు మీదే.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది నీ కోడళ్ళు. నలుగురూ ఆకాశం నుంచి ఊడిపడ్డట్టున్నారు. ఎవరి కూతుళ్ళో, ఏ ఊరివాళ్ళో ఎక్కడా లేదు. మా బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది కదా. బుఢీ ఠాకురాణి అమ్మవారు గుడి వదిలి దేశిబెహెరా వీధిలో పుట్టింటికొస్తుంది. దేశిబెహెరా అంటే దేరా నేతవాళ్ళ కులపెద్ద. అమ్మవారు వాళ్ళింటి ఆడపడుచు. దేవతకే పుట్టిల్లు ఉన్న ఊళ్ళమ్మా ఇవి. తర్పణంలో కూడా తల్లి తరపున ఆమె తండ్రినీ, తాతనీ, ముత్తాతనీ తలుచుకుంటారు. 2005 చట్టసవరణ వచ్చాక ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. నీ నాలుగో తరం కథ ఆ తర్వాత జరిగేదే అయినా, వాటాల గొడవలో కూతురి పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడం నిజమే కావచ్చు. అలాంటప్పుడు ఆమెకి ఎలా అనిపించిందో రాయాలి.

ముందు ఆ నలుగురి పుట్టింటి పేర్లూ ఊర్లూ ఒక కాగితం మీద రాసుకో. పెద్దకోడలిది ఇచ్ఛాపురం అనుకుందాం. రెండో అధ్యాయంలో పెళ్ళి ఆమె కూతురిదే కాబట్టి ఇచ్ఛాపురం నుంచి ఆమె అన్న దిగాలి. పెళ్ళికూతుర్ని గంపలో మోసుకొచ్చే మేనమామ అతనే. ఆ పెళ్ళి మళ్ళీ రాసి పంపు, చదివి వెంటనే జవాబిస్తాను.