రాకెట్ చూసినవాళ్ల మాట రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

శ్రీహరికోట తొలి రాకెట్లను కళ్లారా చూసినవాళ్ల జ్ఞాపకాలు పుస్తకంగా తెస్తానన్నావు. ఆలస్యం చెయ్యకు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్, చిన్న రోహిణి-125, ఎగిరిననాటికి పాతికేళ్లున్నవాళ్లు ఇప్పుడు ఎనభై నడుస్తున్నవాళ్లు. ఇంజినీర్ల మాట ఎక్కడో ఒకచోట అచ్చయ్యే ఉంటుంది. ముందు డ్రైవర్లను, ఫిట్టర్లను, క్యాంటీన్లో వండినవాళ్లను, దీవిలో ఊళ్లు ఖాళీ చేసి వచ్చినవాళ్లను, యానాదులను కలుసుకో.

"ఏ సంవత్సరం?" అని మాత్రం అడగొద్దు. మొదటి ఎస్‌ఎల్‌వి-3 (ఉపగ్రహాన్ని మోసుకెళ్లే రాకెట్) 1979 ఆగస్టు 10న విఫలమైంది, రెండోది 1980 జులై 18న రోహిణి అనే ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. రెండూ శుక్రవారాలే, రెండూ పొద్దుటిపూటే. చూసినవాళ్ల మనసులో అవి కలిసిపోకుండా ఉంటేనే ఆశ్చర్యం. అప్పటికి పెద్దబ్బాయి ఏ తరగతి, ఇంట్లో ఎవరి పెళ్లి అయింది, ఏ ఇంట్లో అద్దెకున్నారు అని అడుగు. తేదీ దానంతటదే తేలుతుంది.

అసలు చిక్కు వేరే ఉంది. చూసింది, తర్వాత పేపర్లో చదివింది ఒకే జ్ఞాపకం అయిపోతాయి. "నా కళ్లముందే సముద్రంలో కూలింది" అని 1979 గురించి ఎవరైనా చెప్పారనుకో. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆక్సిడైజర్ (ఇంధనాన్ని మండించే ద్రవం) కారిపోయి అదుపు తప్పిన ఆ రాకెట్, ఎగిరిన 317 సెకన్లకు, తీరానికి సుమారు 560 కిలోమీటర్ల అవతల బంగాళాఖాతంలో పడింది. ఒడ్డున నిలబడినవాళ్లకు అది కనబడదు. అలాగే మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్ట ఇక్కడి నుంచే వెళ్లిందంటారు. అది 1975లో సోవియట్ భూమి నుంచి వెళ్లింది. ఎద్దుల బండి మీద రాకెట్‌ను తెచ్చారంటారు; బండెక్కింది 1981 నాటి యాపిల్ ఉపగ్రహం.

అలాంటప్పుడు ఎదురు చెప్పకు, వాళ్ల మాటను దిద్దకు. అన్నది అన్నట్టే ఉంచి, అసలు సంగతిని పేజీ అడుగున నీ పేరుతో రాయి. కూలిందన్న వార్త ఎవరు చెప్పారు, అప్పుడు చుట్టూ ఎవరేమన్నారు అని అడిగితే వాళ్లు నిజంగా చూసింది బయటికొస్తుంది. చప్పుడు గురించి కూడా అడుగు. శబ్దం కిలోమీటరుకు దాదాపు మూడు సెకన్లు తీసుకుంటుంది. పదిహేను కిలోమీటర్ల దూరాన ఉన్నవాళ్లకు నిప్పు కనబడ్డ ముప్పావు నిమిషానికి గానీ ఉరుము చేరదు. "పొగ పైకెళ్లిపోయాక కిటికీలు అదిరాయి" అన్న మనిషిని నమ్మొచ్చు.

రికార్డింగ్ ఫోన్లో చేసినా ఫరవాలేదు గానీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టు. కాలరుకు తగిలించే మైకు, నోటికి జానెడు దూరంలో. ఫ్యాను ఆపలేని ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్లు. ఆ రొదను తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు. వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీస్తే మోనో గంటకు 500 ఎంబీ పైచిలుకు అవుతుంది. వాట్సాప్‌లో పంపిన ఆడియోను అసలు ప్రతిగా దాచకు, అది కుదించుకుపోయి ఉంటుంది. మూడు కాపీలు చెయ్యి, ఒకటి వేరే ఊళ్లో ఉంచు. ఒక్క విడతలో మాట గంటన్నర దాటనివ్వకు. గంట మాటను కాగితం మీద పెట్టడానికి నీకు ఐదారు గంటలు పడుతుంది, ఆ లెక్కన మనుషులను ఎంచుకో.

పాత ఫొటోలు జిగురు ఆల్బంలో ఉంటే పీకొద్దు, చిరుగుతాయి. పేజీతోపాటే 600 డీపీఐలో స్కాన్ చేసి టిఫ్ ఫైలుగా దాచు. విడి ఫొటో వెనక పేర్లు మెత్తటి పెన్సిలుతోనే రాయి. బాల్‌పెన్ను ముందువైపు గాటుగా తేలుతుంది.

రిటైరైనవాళ్లకు అధికార రహస్యాల చట్టం భయం ఉంటుంది, అది అనవసరపు భయం కాదు. ఇంధనం పాళ్లు, భద్రతా ఏర్పాట్ల జోలికి పోకు. "ఇది వద్దు" అంటే రికార్డరు ఆపి, ఆ ముక్క తీసేశావని వాళ్ల ఎదుటే చూపించు. అచ్చుకు ముందు ప్రతి ఇంటికీ వాళ్ల భాగం కాగితం మీద పంపు, 16 పాయింట్ల అక్షరాలకు తగ్గకుండా.