సందేహం: లెక్కల సాఫ్ట్‌వేర్‌లో డిఫాల్ట్ విలువలను అలాగే వదిలేయొచ్చా?

సందేహం: "మన దగ్గర అయిదేళ్లు స్ట్రక్చరల్ డిజైన్ చేసి, ఈమధ్యే బ్రిటన్‌లో ఒక కన్సల్టెన్సీలో చేరాను. కొత్త ప్రాజెక్టు తెరిచి డిఫాల్ట్ విలువలు సెట్ చేయమన్నారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవి అలాగే వదిలేస్తే ఏమవుతుంది? ముందుగా వేటిని చూసుకోవాలి?"

జవాబు: వదిలేయకండి. ఆ అంకెలు మీ ప్రాజెక్టును చూసి పెట్టినవి కావు. సాఫ్ట్‌వేర్ తయారీదారు పెట్టినవో, మీకు ముందు ఆ కంప్యూటర్ మీద పనిచేసినవాళ్లు వదిలివెళ్లినవో అయ్యుంటాయి. ఇక్కడ ఫీజు చాలాసార్లు ముందే ఖరారైపోతుంది. డిఫాల్ట్ తప్పని నెల తర్వాత తేలి ముప్పై బీములు మళ్లీ లెక్కకట్టాల్సి వస్తే, ఆ గంటలకు క్లయింటు డబ్బివ్వడు. టైమ్‌షీట్‌లో మాత్రం అవి మీ పేరు మీదే కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు కోడ్ పుస్తకాల గురించి భయపడతారు గానీ ఈ గంటల లెక్క గురించి ఆలోచించరు. ఇక్కడ నిలదొక్కుకున్న మాలాంటివాళ్లం మొదట నేర్చుకున్నది ఇదే.

అన్నిటికన్నా ముందు కోడ్, దాని జాతీయ అనుబంధం (ఒక్కో దేశం తన విలువలు ఇచ్చే భాగం) చూడండి. యూరోకోడ్ (ఐరోపా ఉమ్మడి డిజైన్ కోడ్) ఎంచుకుంటే సరిపోదు, దాని కింద దేశం కూడా ఎంచాలి. దేశం చెప్పకపోతే చాలా ప్రోగ్రాములు మూల యూరోకోడ్ సిఫారసు విలువలే తీసుకుంటాయి. అదే జాబితాలో పాత బ్రిటిష్ కాంక్రీటు కోడ్ బీఎస్ 8110 కూడా కనిపించవచ్చు. మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 లాగే అదీ క్యూబ్ బలం (ఘనాకారపు నమూనాను నొక్కి కొలిచిన బలం) మీదే నడుస్తుంది కాబట్టి మనవాళ్ల చెయ్యి అటే పోతుంది. దాన్ని 2010లోనే ఉపసంహరించారు. పాత భవనాన్ని పరిశీలించే పనికి తప్ప కొత్త డిజైన్‌కు దాని జోలికి వెళ్లొద్దు. కోడ్ ఏ సంవత్సరపు ముద్రణో కూడా చూడాలి. కాంక్రీటు యూరోకోడ్ రెండో తరం 2023లో వచ్చింది, మీ ప్రాజెక్టు ఏ తరం మీద నడుస్తోందో లీడ్ ఇంజనీరును అడిగి రాయించుకోండి.

కాంక్రీటు గ్రేడు దగ్గర మనవాళ్లు దాదాపు తప్పకుండా తడబడతారు. మన ఎం30లో 30 అనేది 150 మి.మీ. క్యూబ్ బలం. యూరోకోడ్ సీ25/30లో మొదటి అంకె సిలిండర్‌ది, రెండోది క్యూబ్‌ది. అంటే మన ఎం30కి దగ్గరది సీ25/30. 30 అన్న అంకె చూసి సీ30/37 నొక్కితే లేని బలాన్ని లెక్కలోకి తెచ్చినట్టే. దీనికి తోడు కాంక్రీటు డిజైన్ బలాన్ని సవరించే ఆల్ఫా సీసీ అనే గుణకం ఉంది. మూల యూరోకోడ్ సిఫారసు 1.0, బ్రిటన్ అనుబంధం వంపుకూ అక్షీయ ఒత్తిడికీ 0.85 ఇస్తుంది. సీ25/30కి డిజైన్ బలం 0.85 × 25 ÷ 1.5, అంటే 14.2 ఎంపీఏ. ఐఎస్ 456 ప్రకారం ఎం30కి 0.446 × 30, అంటే 13.4. రెండూ దగ్గర్లోనే ఉన్నాయి. కానీ గ్రేడు తప్పు, అనుబంధం తప్పు రెండూ ఒకేసారి జరిగితే ప్రోగ్రాము 20.0 తీసుకుంటుంది. ఉండాల్సినదానికన్నా 41 శాతం ఎక్కువ. స్క్రీన్ మీద అంతా పచ్చరంగులోనే పాసవుతుంది కాబట్టి దాన్ని చూసి ఎవరికీ అనుమానం రాదు.

లోడు గుణకాలను గుర్తున్నవి టైపు చేయకండి, ఉన్నవి చదవండి. మన చేతికి అలవాటైనది డెడ్ (శాశ్వత బరువు)కీ లైవ్ (వాడకపు బరువు)కీ 1.5. లోడులను కలిపే యూరోకోడ్ 6.10 సమీకరణంలో డెడ్‌కు 1.35, లైవ్‌కు 1.5. బ్రిటన్ అనుబంధంతో, దానికి బదులు వాడే 6.10ఎ, 6.10బి జంటలోని 6.10బి వాడితే డెడ్ గుణకం 0.925 × 1.35, అంటే దాదాపు 1.25కి దిగుతుంది. 6.10బి వాడేటప్పుడు 6.10ఎ కూడా చూసి రెండింట్లో పెద్దది తీసుకోవాలి. ఏది వాడాలన్నది ఆఫీసు నిర్ణయం, మీది కాదు.

ఇవన్నీ సరిగ్గా కూర్చున్నాయో లేదో తేల్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. అసలు పని మొదలుపెట్టకముందే చేయండి. 6 మీటర్ల సింప్లీ సపోర్టెడ్ బీము ఒకటి వేసి, స్వీయ బరువు ఆపేసి, మీటరుకు డెడ్ 20 కిలోన్యూటన్లు, లైవ్ 10 కిలోన్యూటన్లు పెట్టండి. లైవ్ లోడు ఆఫీసు కేటగిరీ. డిజైన్ మూమెంట్ చూడండి. 180 కిలోన్యూటన్ మీటర్లు వస్తే 6.10బి నడుస్తోంది. 189 వస్తే 6.10 నడుస్తోంది. 202.5 వస్తే ఎవరో మన 1.5ను రెండిటికీ పెట్టారు. 198 వస్తే అది పాత బ్రిటిష్ కోడ్ 1.4, 1.6 జంట. 168.75 వస్తే ఒక్క 6.10ఎ మాత్రమే టిక్ అయి ఉంది, అది ప్రమాదం. 135 వస్తే గుణకాలే పడలేదు, మీరు చూస్తున్నది సర్వీస్ కాంబినేషన్. అలాగే అవుట్‌పుట్‌లో కాంక్రీటు డిజైన్ బలం వెతికి, సీ30/37కి 17.0 ఉందో 20.0 ఉందో చూడండి. ఈ ఒక్క పేజీని ప్రింట్ తీసి ప్రాజెక్టు ఫైల్లో మొదట పెట్టుకుంటే, తర్వాత ఎవరు ఏమడిగినా చూపించవచ్చు.

ఇక గాలి. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే, రెండు వైపులా. మన గాలి కోడ్ ఐఎస్ 875 మూడో భాగంలోని వేగం 3 సెకన్ల గస్ట్ (ఒక్కసారిగా వీచే విసురు). యూరోకోడ్‌ది 10 నిమిషాల సగటు. కాబట్టి మనకు నోటికొచ్చిన 44, 50 లాంటి అంకెలు ఇక్కడి గడిలో వేయకూడదు. పీడనం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 24 ఉండాల్సిన చోట 44 పడితే పీడనం 3.4 రెట్లవుతుంది. అది ఎవరో ఒకరి కంట పడుతుంది లెండి. కంటపడనిది సైటు ఎత్తు. బ్రిటన్ మ్యాపులోని వేగం సముద్రమట్టానికి ఇచ్చినది. దాన్ని సైటు ఎత్తును బట్టి పెంచాలి. సురక్షితంగా లెక్కేస్తే ప్రతి మీటరుకూ 0.001 చొప్పున. గడిలో 0 వదిలేసి, సైటు నిజానికి 150 మీటర్ల మీదుంటే వేగం దాదాపు 13 శాతం, పీడనం 24 శాతం తక్కువ పడతాయి. పాత ప్రాజెక్టును కాపీ చేసి కొత్తది మొదలుపెట్టినప్పుడు ఎత్తు, తీరం నుంచి దూరం, ఊళ్లోనా బయటా అన్న మూడూ పాతవే వచ్చేస్తాయి. కాపీ చేసిన ఫైల్లో ముందు ఖాళీ చేయాల్సినవి అవే.

లైవ్ లోడు కేటగిరీ కూడా కాపీతోనే వస్తుంది. ఆఫీసుకు కాంబినేషన్ గుణకాలు (లైవ్ లోడులో ఎంత భాగం లెక్కలోకి తేవాలో చెప్పేవి) 0.7, 0.5, 0.3. నిల్వ గదులకు 1.0, 0.9, 0.8. గోదాము ప్రాజెక్టు నుంచి కాపీ చేసిన ఆఫీసు భవనంలో దీర్ఘకాల డిఫ్లెక్షన్ (కుంగు) అర్థంలేకుండా పెరిగిపోతుంది. కొత్త కుర్రాళ్లు దాన్ని తగ్గించడానికి స్లాబు మందం పెంచుతారు, కారణం వెతకరు. మందం పెరిగితే పునాదుల దాకా అన్నీ పెరుగుతాయి.

ఉక్కు విషయం త్వరగా చెప్తాను. మన ఉక్కు కోడ్ ఐఎస్ 800:2007లో ఈల్డింగ్ (ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలవడం) గుణకం 1.10, ఇక్కడ 1.00. ఎస్355 గ్రేడు ఉక్కుకు 355 ఎంపీఏ అన్నది 16 మి.మీ. మందం వరకే, ఆపైన 40 మి.మీ. దాకా 345. ప్రోగ్రాము మందాన్ని తనంతట తాను చూస్తోందా, లేక ఒకే అంకె పట్టుకుందా చూడండి. కవర్ (రాడ్డు మీది కాంక్రీటు మందం) గడిలో ఆ దూరం లింకు (స్టిరప్) దాకానా, మెయిన్ బారు దాకానా అన్నది చదివి వేయండి. ఎక్స్‌పోజర్ (తేమ, వాతావరణ ప్రభావం) తరగతి ఎక్స్‌సీ1 అనేది లోపలి పొడి గదులది, పునాదులకు దాన్ని వదిలేయకూడదు. మట్టి సామర్థ్యం గడి దగ్గర కూడా ఆగండి. మనం టన్నుల్లో చెప్పుకునే సురక్షిత సామర్థ్యమూ, యూరోకోడ్ 7 అడిగే డిజైన్ నిరోధమూ ఒకటి కావు.

స్టాడ్, ఈటాబ్స్ ప్రోగ్రాములు మీకు వచ్చే ఉంటాయి, అందుకే వాటిలో మరింత జాగ్రత్త అవసరం. స్టాడ్‌లో బక్లింగ్ (ఒత్తిడికి పక్కకు వంగిపోవడం) పొడవు చెప్పకపోతే మెంబర్ పొడవే తీసుకుంటుంది. మధ్యలో నోడ్లు పెట్టి 8 మీటర్ల బీమును నాలుగు ముక్కలు చేస్తే, ఒక్కో ముక్క 2 మీటర్ల బీముగా పాసైపోతుంది. డిఫ్లెక్షన్ పరిమితి చెప్పే డీఎఫ్ఎఫ్ ఇవ్వకపోతే డిఫ్లెక్షన్‌ను అసలు తనిఖీయే చేయదు. ఈటాబ్స్‌లో డెడ్ పాటర్న్‌కు స్వీయ బరువు గుణకం 1 ముందే ఉంటుంది. మీరు చేర్చిన ఫినిషింగ్ పాటర్న్‌కూ 1 పెడితే బరువు రెండుసార్లు పడుతుంది. స్టిఫ్‌నెస్ మాడిఫయర్లు అన్నీ 1.0తో మొదలవుతాయి, పగుళ్లను లెక్కలోకి తేవాల్సింది మీరే.

అమెరికాలో చేరినవాళ్లకు ఒక మాట. అక్కడ కాంక్రీటు, ఉక్కు బలాలను విడివిడిగా తగ్గించే మెటీరియల్ గుణకాలు ఉండవు, మొత్తం నిరోధాన్ని తగ్గించే ఫై గుణకాలుంటాయి. గ్రేడ్ 60 రాడ్డు అంటే 420 ఎంపీఏ, మన 500 కాదు. అమెరికా లోడు ప్రమాణం ఏఎస్‌సీఈ 7 2010 ముద్రణ (7-10) నుంచి గాలి వేగాలు అల్టిమేట్ స్థాయికి మారాయి, గుణకం 1.0 అయింది. అంతకుముందు 7-05లో వేగం తక్కువ, గుణకం 1.6. లోతట్టు ప్రాంతాల్లో మామూలు భవనాలకు గంటకు 90 మైళ్లున్నది 115 అయింది. పాత టెంప్లేటులో వేగం ఒక ముద్రణది, గుణకం ఇంకో ముద్రణది కలిస్తే తేడా 60 శాతం పైనే.

ఇవన్నీ పెట్టాక మీ ప్రోగ్రాము డిఫాల్ట్‌ను ఎలా వాడుకుంటుందో తెలుసుకోండి. కొన్ని ప్రోగ్రాములు లెక్క తెరిచిన క్షణాన విలువను కాపీ చేసుకుంటాయి. తర్వాత మీరు డిఫాల్ట్ మార్చినా పాత లెక్కలు మారవు. కొన్నిటిలో వెంటనే మారిపోతాయి, సంతకం అయిపోయిన లెక్కతో సహా. ఫైలును కాపీ చేసి, కవర్‌ను 25 నుంచి 60కి మార్చి, ముందే చేసిన లెక్కను తెరిస్తే మీ ప్రోగ్రాము ఏ రకమో తెలుస్తుంది. మీరు చేత్తో మార్చిన గడి చాలాసార్లు ఆ తర్వాత డిఫాల్ట్ మాట వినదు. డిఫాల్ట్‌లు ప్రాజెక్టు ఫైల్లో ఉన్నాయా, మీ యూజర్ ప్రొఫైల్లో ఉన్నాయా అన్నది పక్క సీటు కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిచి చూసుకోండి.

విలువలన్నీ ఒక పేజీ మీద రాసి, ప్రతిదాని పక్కన అది ఏ క్లాజు నుంచి వచ్చిందో వేసి, లీడ్ ఇంజనీరు సంతకం తీసుకోండి. క్లాజు నంబర్లు కోడ్ పుస్తకంలోనే దొరుకుతాయి, నన్ను అడగక్కర్లేదు. మధ్యలో ఏదైనా మారితే కొత్త రివిజన్ నంబరు, తేదీ వేసి, దాని ప్రభావం పడే లెక్కల జాబితా రాయండి. దీనికంతా సగం రోజు పట్టొచ్చు. ఆ సగం రోజును డిజైన్ గంటల్లో కలిపేయకుండా టైమ్‌షీట్‌లో ప్రాజెక్టు సెటప్ పేరుతో విడిగా వేయండి. అలాంటి కోడ్ లేకపోతే మేనేజర్‌ను అడిగి పెట్టించుకోండి, పని మొదలయ్యాక అడిగితే ఇవ్వరు.