రాని బండి కోసం చిట్టీ లేపొద్దు

ప్రశ్న: సార్, నాది భూపాలపల్లి. సింగరేణిల పనిచేస్తున్న, వయసు 29. చేతికి 52 వేలు వస్తయ్. భార్య, రెండేండ్ల పాప ఉన్నరు. అమ్మానాయిన పరకాలల ఉంటరు, వాళ్లకు నెలకు 8 వేలు పంపుత. నా పల్సర్ 150కి తొమ్మిదేండ్లు, మెకానిక్ 14 వేల పని చెప్పిండు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు 750 సీసీ బండి తెస్తరని రెండేండ్ల సంది చూస్తున్న. దసరాకు వస్తదంటున్నరు, 4 లక్షలు ఉంటదంటున్నరు. నాకు 25 నెలల చిట్టీ ఉంది, రెండున్నర లక్షలది, 9 నెలలు కట్టిన. ఈ నెల పాటల 50 వేలు పోగొట్టుకుంటే 2 లక్షలు చేతికొస్తయ్. పైసలు రెడీగ పెట్టుకుందామని ఆలోచన. షోరూంల తెలిసినాయన 10 వేలు ఇస్తే మొదటి లిస్టుల పేరు రాస్తనన్నడు. లేకుంటే ఇప్పుడు క్లాసిక్ 350 తీసుకొని, 750 వచ్చినంక మార్చుకోవాల్నా? బ్యాంకుల 40 వేలున్నయ్. ఇల్లు బాగు చేసుకునేటప్పుడు నా భార్య నగల మీద 1.2 లక్షల గోల్డ్ లోన్ తీసుకున్నం. నెలకు పది వేలు మిగులుతయ్ గని ఏడికి పోతయో తెల్వది. నగలు ఎప్పుడు ఇంటికొస్తయో కూడ అడగమన్నది నా భార్య.

జవాబు: చిట్టీ లేపకండి. పాట ఈ నెలలోనే అన్నారు కాబట్టి ముందుగా ఈ మాట చెబుతున్నాను. ఎందుకో ఇప్పుడు లెక్క చూద్దాం.

మీ చిట్టీని చివరి నెల దాకా ఉంచితే, 5 శాతం కమిషన్ పోను 2,37,500 వస్తుంది. ఈ నెల పాడితే 2 లక్షలు వస్తాయి. అంటే 15 నెలలు ముందుగా 2 లక్షలు తెచ్చుకోవడానికి మీరు వదులుకునేది 37,500. ఏడాదికి 15 శాతం, మన లెక్కలో రూపాయి పావలా వడ్డీ. పాప దవాఖాన ఖర్చుకో, ఇంకేదైనా ఆపదకో అయితే ఈ వడ్డీకి కూడా లేపమనేవాణ్ని. మీరు లేపేది డబ్బును సేవింగ్స్ ఖాతాలో పెట్టి బండి కోసం ఎదురుచూడటానికి. అక్కడ మూడు శాతం కూడా రాదు. బండి ఆరు నెలలు ఆలస్యమైతే ఆ ఆరు నెలలూ మీరు రూపాయి పావలా వడ్డీ కడుతూ కూర్చుంటారు. పైగా చిట్టీ లేపితే ష్యూరిటీలు పెట్టాలి. బొగ్గు బాయిలో మీతో పనిచేసేవాళ్ల సంతకాలు ఇంకా కళ్లతో చూడని బండి కోసం అడగడం నాకు సరిగ్గా అనిపించడం లేదు.

ఇక్కడ ఒక షరతు ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మీ చిట్టీ 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైనదేనా? పాస్‌బుక్కు, అగ్రిమెంటు తీసి చూడండి. తెలిసినవాళ్లు నోటిమాట మీద నడిపే చిట్టీ అయితే నా జవాబు పూర్తిగా మారుతుంది. అప్పుడు 50 వేలు పోయినా ఈ నెలే లేపి, నేరుగా గోల్డ్ లోన్ కట్టేయండి. హనుమకొండ, వరంగల్‌లో చిట్టీ పైసల కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాలు నా దగ్గరకు వచ్చాయి. పాడనివాళ్ల సొమ్మే ముందు ఇరుక్కుపోతుంది.

ఇక బండి సంగతి. రాబోయే మోడళ్ల మీద అభిమానులు కట్టే అంచనాలను నేను కొట్టిపారేయను. నల్ల కవరు చుట్టిన టెస్టు బండి రోడ్డు మీద కనబడితే దాని ఇంజిన్ కేసు ఆకారం, ముందు డిస్కులు ఒకటా రెండా, సైలెన్సర్లు ఎన్ని అన్నది చూసి చాలా చెప్పేస్తారు, అందులో చాలావరకు నిజమే అవుతుంది. కానీ ఫొటో చూసి బండి రూపం చెప్పొచ్చు, ధర చెప్పలేం, తేదీ అంతకన్నా చెప్పలేం. మీకు డబ్బు పరంగా కావలసినవి ఆ రెండే.

ఇదే కంపెనీ పాత లెక్కలు చూడండి. ఇంటర్‌సెప్టర్ 650ని 2017 నవంబర్‌లో ఇటలీలోని మిలాన్ బైక్ షోలో చూపించారు, మన దేశంలో ధర చెప్పింది 2018 నవంబర్‌లో. సరిగ్గా ఏడాది. సూపర్ మీటియర్ 650ని 2022 నవంబర్‌లో చూపించి 2023 జనవరిలోనే ధర ప్రకటించారు, రెండు నెలలు. 2021 చివర్లో ఎస్‌జీ 650 అని కాన్సెప్టు చూపించారు, అది షాట్‌గన్ 650గా అమ్మకానికి వచ్చేసరికి 2024 జనవరి. 2018లో మిలాన్‌లోనే కేఎక్స్ అని 838 సీసీ వీ-ట్విన్ బండిని చూపిస్తే ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది, అది షోరూముకు రాలేదు. కంపెనీ తానే స్టేజీ మీద నిలబెట్టిన బండ్ల కథే రెండు నెలల నుంచి రెండేళ్ల దాకా, అసలు రాకపోవడం దాకా ఉంది. ఎవరో చెప్పిన దసరా తేదీకి మీ చిట్టీని కట్టేస్తే ఎలా?

ధర విషయంలో మాత్రం ఒకటి ఖాయంగా చెప్పగలను. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటినవాటి మీద సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది 40 అయింది. పన్ను లేకుండా రెండున్నర లక్షలు పడే పెద్ద బండి పాత పన్నుతో 3,27,500 అయ్యేది, ఇప్పుడు 3,50,000. లక్షన్నర పడే 350 బండి 1,92,000 నుంచి 1,77,000కు దిగింది. ఆ గీతకు ఏ పక్కన నిలబడతామన్నదే ఇప్పుడు పెద్ద తేడా. 750 ఏ పేరుతో వచ్చినా 40 శాతం పక్కనే ఉంటుంది. ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా అంతే: 150 నుంచి 350 సీసీ దాకా 2022లో పెట్టిన రేటు 7,365, ఆ పైన 15,117. లైఫ్ ట్యాక్సు బండి ధర మీద శాతంగా కడతాం కాబట్టి అదీ పెరుగుతుంది. మీరు విన్న 4 లక్షలు షోరూం ధర అయితే, ఇంటికి తెచ్చుకునేసరికి దాదాపు 5 లక్షలని పెట్టుకోండి. ఇకముందు ఏ వీడియోలో ఏ అంకె విన్నా ఆన్-రోడ్డుకు మార్చి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

మొదట్లోనే కొంటే తక్కువకు వస్తుందన్న ఆశ కూడా మీకు ఉండొచ్చు. అది అబద్ధం కాదు. హిమాలయన్ 450 వచ్చిన 2023 నవంబర్‌లో 2.69 లక్షలు ఉండి, జనవరి రాగానే 2.85 అయింది. ముందు కొన్నవాళ్లకు 16 వేలు మిగిలాయి. చిట్టీలో మీరు పోగొట్టుకునే 37,500 పక్కన ఈ 16 వేలను పెట్టి చూడండి. కొత్త ఇంజిన్ మొదటి లాట్లలో చిన్న చిన్న లోపాలు బయటపడటం ఏ కంపెనీకైనా ఉంటుంది. మీటియర్ 350 వచ్చిన ఆరు నెలలకు, 2021 మేలో, ఇగ్నిషన్ కాయిల్ కోసం ఈ కంపెనీయే మీటియర్, క్లాసిక్, బుల్లెట్ కలిపి దాదాపు 2.37 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. తప్పు ఒప్పుకొని ఉచితంగా మార్చింది, అది మంచి పనే. ఆ తర్వాత అదే మీటియర్ ఇంజిన్ వేలమంది కింద నిశ్చింతగా తిరుగుతోంది. ఆరేడు నెలలు ఆగినవాళ్లు నష్టపోయిందేమీ లేదు.

షోరూం ఆయనకు 10 వేలు ఇవ్వకండి. కంపెనీ బుకింగ్ తెరిస్తే కంపెనీ పేరు మీద రసీదు వస్తుంది, రద్దు చేసుకుంటే ఎంత తిరిగి వస్తుందో అందులో రాసి ఉంటుంది. ధర చెప్పని బండికి చేతిలో పెట్టిన డబ్బుకు కాగితం ఉండదు.

క్లాసిక్ 350 ఇప్పుడు తీసుకొని తర్వాత మార్చుకుంటానన్నారు. మీరు అడిగినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చనిది ఇదే, 350 బండిలో లోపం ఉండి కాదు. 18 శాతం పన్నుతో ఈ రోజు అది మంచి బేరమే. కానీ ఇన్సూరెన్స్ లెక్క ప్రకారమే ఏడాది దాటిన బండి విలువ 20 శాతం తగ్గించి చూస్తారు. షోరూం ధర 1.9 లక్షలనుకుంటే అక్కడే 38 వేలు పోయాయి. కట్టిన లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు ఎక్స్‌చేంజ్‌లో ఎవరూ తిరిగివ్వరు. ఒక ఏడాది తిరగడానికి 60, 70 వేలు వదులుకోవడం మీ జీతానికి ఎక్కువ. 350 తీసుకుంటే అయిదారేళ్లు దానితోనే ఉంటానని తీసుకోండి, 750ని మనసులోంచి తీసేయండి. అది మీ వల్ల కాదని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

కాబట్టి పల్సర్‌ను బాగు చేయించండి. రాత్రి షిఫ్టు దిగి బొగ్గు లారీల మధ్య ఇంటికి వచ్చేవాడికి టైర్లు, బ్రేకులు వాయిదా వేసే ఖర్చు కాదు, రేపే చేయించండి. ఆ 14 వేలు బ్యాంకులోని 40 వేలలోంచి తీయకుండా, ఈ రెండు నెలల మిగులుతో సరిపెట్టండి. మూడో నెల నుంచి జీతం పడిన మర్నాడే 9 వేలు బ్యాంకు ఆర్‌డీకి (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌కు) పోయేలా పెట్టుకోండి. నెలాఖరుకు మిగిలింది ఎటు పోతుందో తెలియడం లేదన్నారు కదా, నెల మొదట్లోనే తీసేస్తే ఆ ప్రశ్నే ఉండదు.

చిట్టీ ముగిసేనాటికి ఆర్‌డీకి 13 నెలలు. ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే 1,21,000 పైచిలుకు. దానికి చిట్టీ 2,37,500 కలిపితే దాదాపు 3.59 లక్షలు మీ సొంత డబ్బు. అప్పటికి బండి వచ్చి ఉంటే, దాని లోటుపాట్లు కూడా తెలిసిపోయి ఉంటాయి. ఆన్-రోడ్డు 5 లక్షలైనా మీకు కావలసిన అప్పు 1.4 లక్షలు. 11 శాతం మీద రెండేళ్లకు నెలకు 6,500 చొప్పున, మొత్తం వడ్డీ 17 వేల లోపు. ఇప్పుడే తొందరపడి 4 లక్షల అప్పు ఐదేళ్లకు తీసుకుంటే నెలకు 8,700, వడ్డీ ఒక్కటే 1.22 లక్షలు. అప్పు తీసుకునే రోజు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: ఈ వడ్డీ ఫ్లాట్‌గానా, అంటే చివరిదాకా మొదటి అసలు మొత్తం మీదనా, లేక తగ్గే అసలు మీదనా? 7 శాతం ఫ్లాట్ అని చెప్పే మూడేళ్ల లోను నిజానికి దాదాపు 13 శాతం.

బండి రాకపోతే? 3.59 లక్షలు మీ దగ్గరే ఉంటాయి. అప్పటికి 650లు ఉంటాయి, 450లు ఉంటాయి, మీకు నచ్చినదాని మీద ఎక్కి కూర్చొని చూసి మరీ ఎంచుకోవచ్చు. ఆ డబ్బుతో ములుగు దాటి లక్నవరం దాకా మొదటి ఆదివారం మీరు వెళ్తే నాకు సంతోషం.

నగల సంగతి చివరికి వదిలేయలేదు, దాని కోసమే దసరా ముందు మీకు పడే సింగరేణి లాభాల వాటాను ఇప్పటిదాకా లెక్కలోకి తేలేదు. పెట్టుబడులకు పక్కన పెట్టగా మిగిలిన లాభాల్లో సింగరేణి 2024లో 33 శాతం, 2025లో 34 శాతం కార్మికులకు పంచింది. సగటు ఎంత అన్నది చూసుకోకండి, మీ మస్టర్లను (హాజరును) బట్టి మీకు నిరుడు ఎంత పడిందో చూసి, అందులోంచి కొంచెం తగ్గించి అనుకోండి. ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా బండికి వద్దు. పడిన వారంలోనే అసలు, వడ్డీ కట్టి గోల్డ్ లోన్ మూసేయండి, మిగిలింది బ్యాంకులోని 40 వేలకు కలపండి. అప్పటిదాకా వడ్డీ పేరుకోకుండా నెలనెలా కడుతూ ఉండండి. బ్యాంకుకు ఇద్దరూ కలిసి వెళ్లండి. దసరా పండుగకు నగలు ఇంట్లో ఉంటాయని మీ భార్యకు చెప్పండి.