గుండె లయ తప్పుతోంది... అలిపిరి మెట్లు ఎక్కవచ్చా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. తిరుపతిలో కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఇటీవల గుండె దడగా ఉంటే ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. బీపీకి, రక్తం పలచబడటానికి మాత్రలు ఇచ్చారు. బరువు 92 కిలోలు. ఆదివారాలు మద్యం తాగుతాను. గురక ఎక్కువ. ఇప్పుడు దడ లేదు కాబట్టి మాత్రలు మానవచ్చా? అలిపిరి నుంచి నడిచి కొండెక్కే మొక్కు ఉంది, తీర్చుకోవచ్చా?

జవాబు: రక్తం పలచబరిచే మాత్రను మీ అంతట మీరు ఒక్కరోజు కూడా మానకండి. ఈ సమస్యలో గుండె పై గదులు సరిగా ముడుచుకోక అదురుతుంటాయి. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. దడ తెలియనంత మాత్రాన ఆ ముప్పు పోయినట్లు కాదు.

మీరు ఒక్క మాటలో తేల్చేసిన గురకే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఇంట్లోవాళ్లను ఒక రాత్రి గమనించమనండి. గురక ఉన్నట్టుండి ఆగి, కొన్ని క్షణాలు ఊపిరి ఆడక, ఉలిక్కిపడినట్లు మళ్లీ మొదలవుతోందా? పగలు గల్లాపెట్టె దగ్గరే కునుకు పడుతోందా? అయితే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే సమస్య, ఉందేమో చూడాలి. ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది, ఆ భారం గుండె పై గదుల మీద పడుతుంది. దీన్ని పట్టించుకోకపోతే మందులతో కుదుటపడిన లయ కూడా మళ్లీ తప్పవచ్చు. నిద్ర పరీక్ష, దాంతోపాటు థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.

మద్యం తగ్గించడం కాదు, పూర్తిగా మానేయండి. వారానికి ఒక్కరోజే అయినా, ఒకేసారి ఎక్కువ తాగితే లయ తప్పుతుంది. బరువులో పదో వంతు, అంటే తొమ్మిది కిలోల దాకా తగ్గితే దడ తిరగబెట్టడం బాగా తగ్గుతుంది. రాగి సంగటి మంచిదే, ముద్ద చిన్నది చేయండి. ఊరగాయ, అప్పడాలు తగ్గించి, రోజు మొత్తానికి ఉప్పు ఐదు గ్రాములు దాటకుండా చూసుకోండి. ఒకటి రెండు కప్పుల కాఫీతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. తాగాక దడ వస్తే మాత్రం మానండి.

ఇక మొక్కు. దాదాపు 3,550 మెట్లు, అందులోనూ గాలిగోపురం దాకా నిటారైన ఎక్కుడు. ఇప్పుడే వద్దు. ఈసారి బస్సులో వెళ్లి దర్శనం చేసుకోండి. మీ డాక్టర్ ఎకో (గుండె స్కానింగ్) చూసి సరేనన్నాక చదునైన దారిలో రోజూ అరగంట నడవండి. కొన్ని నెలల తర్వాత బీపీ, నాడి అదుపులో ఉంటే మెట్ల గురించి ఆయననే అడగండి. మోకాళ్ల నొప్పికి మందుల దుకాణంలో అడిగి మాత్రలు కొని వేసుకోవద్దు. మీరు వాడే రక్తం పలచబరిచే మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు.

మూతి వంకరపోయినా, చేయి పట్టు తప్పినా, మాట తడబడినా, స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా కాసేపు చూద్దామనుకోకుండా వెంటనే 108కి ఫోను చేయించండి.