లిథియం వాడే నాన్నగారికి నీళ్లు తగ్గించవచ్చా?

మీ నాన్నగారు చాలా ఏళ్లుగా లిథియం అనే మనసు జబ్బు మందు వాడుతున్నారని, పగలంతా దాహం అంటూ రాత్రి ఆరేడుసార్లు మూత్రానికి లేస్తున్నారని రాశారు. సాయంత్రం నుంచి నీళ్లు ఆపేద్దామా అని అడిగారు. దయచేసి ఆపకండి. నీళ్లు తాగుతున్నందుకు మూత్రం పోవడం కాదు, మూత్రం అంతలా పోతోంది కాబట్టే ఆయనకు దాహం వేస్తుండాలి.

నేను డాక్టర్ని కాను. కానీ ఇలాంటి మందులు వాడేవాళ్లకు రక్తపరీక్ష చూడకుండా నీళ్లు పెంచకూడదు, తగ్గించకూడదు అని మా ఇంట్లో జరిగింది చూశాక గట్టిగా నమ్ముతున్నాను.

మా అత్తమ్మకు అప్పుడు 68 ఏళ్లు. ముఖం నరం నొప్పికి ఆక్స్‌కార్బజెపైన్ మొదలుపెట్టి నెల కూడా కాలేదు. అది అసలు ఫిట్స్ మందు. దానికి తోడు ఆమె బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంది. మే నెల. రామంతాపూర్‌లో మాది పై అంతస్తు, మధ్యాహ్నం గోడ మీద చెయ్యి పెట్టలేం. ఫోన్ చేసిన చుట్టాలందరిదీ ఒకటే మాట, నీళ్లు బాగా తాగించమని. నేనే రాగి చెంబు నింపి మంచం పక్కన పెట్టేదాన్ని, ఖాళీ అయితే మళ్లీ నింపేదాన్ని.

ఒకరోజు గోరుచిక్కుడు ఈనెలు తీస్తూ కూర్చుంది. చూస్తే ఈనెలు గిన్నెలో, కాయలు చెత్త కవర్లో పడుతున్నాయి. "అదేంటత్తమ్మా" అంటే తలెత్తి, "పెళ్లివాళ్లు వచ్చే టైమైంది, నువ్వింకా చీర మార్చుకోలేదా?" అంది. మా ఆడపడుచు పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది. ఎండదెబ్బ అనుకున్నాం. గ్లూకోజ్ నీళ్లు, పల్చటి మజ్జిగ ఇంకా పట్టించాం. తెల్లారేసరికి ఫిట్స్ వచ్చాయి.

ఎమర్జెన్సీలో చూస్తే సోడియం 116. ఉండాల్సింది 135 నుంచి 145. ఆ మందువల్ల కిడ్నీలు నీళ్లను వదలకుండా పట్టేశాయి, బీపీ మాత్ర దానికి తోడైంది, రక్తంలో ఉప్పు పలచబడి మెదడు వాచింది. నా చేత్తో తాగించిన ప్రతి గ్లాసూ ఆ అంకెను ఇంకొంచెం కిందికి దించింది. సోడియాన్ని గబగబా పెంచితే మెదడుకే ప్రమాదమని, రోజుకు 8 మించకుండా చూసుకుంటూ ఎక్కించారు. వార్డుకు మార్చాక రోజుకు ఒక్క లీటరు నీళ్లే. "గుక్కెడు పొయ్యవే" అని నా కొంగు పట్టుకుంటే, పెదాలకు తడిదూది అద్దుతూ లేదని చెప్పాల్సి వచ్చింది.

మందు రాసిన చోట సోడియం పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. చీటీ మీద "తిన్న తర్వాత" అని మాత్రం ఉంది. నలుగురు బయట టిఫిన్ తిన్నంత ఖర్చు లేని పరీక్ష! డిప్రెషన్‌కి ఇచ్చే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ కూడా సోడియాన్ని దించగలవు, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లలో. కానీ మన హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే చాలు, నవ్వులాట. ఆ సిగ్గుతో మనసుకు మందు వాడుతున్నామని బీపీ డాక్టరుకు కూడా చెప్పరు. రెండు చీటీలూ ఒకరి కంటపడవు.

లిథియం దీనికి తలకిందులు. నీళ్లు బయటికి వదలొద్దని కిడ్నీకి చెప్పే వాసోప్రెసిన్ హార్మోన్ వస్తూనే ఉంటుంది, కానీ కిడ్నీ కణాల్లో నీటిని వెనక్కి తీసుకునే దారులు తగ్గిపోయి ఆ మాట పనిచేయదు. దీన్ని డయాబెటిస్ ఇన్సిపిడస్ అనేవారు, షుగర్ జబ్బుతో సంబంధం లేదు. ఇలాంటివాళ్లకు నీళ్లు ఆపితే ఒళ్లు ఎండిపోయి సోడియం పెరుగుతుంది, లిథియం కూడా రక్తంలో పేరుకుంటుంది. రక్తంలో లిథియం స్థాయి 1.5 దాటితే విషమే. ఉప్పు ఒక్కసారిగా మానేసినా, ఒళ్లునొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మింగినా అదే గొడవ.

సోడియం, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్, మాత్ర వేసుకున్న 12 గంటలకు లిథియం స్థాయి, వీటితోపాటు షుగర్, ప్రొస్టేట్ కూడా ఈ వారమే చూపించండి. మందు మీ అంతట మీరు మాన్పించకండి, మూత్రం తగ్గించడానికి అమిలోరైడ్ అనే మాత్ర పనికొస్తుందేమో డాక్టర్నే అడగండి. చేతులు బాగా వణికినా, నడక తూలినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా పొద్దున చూద్దాంలే అని ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈలోగా రాత్రి మంచం పక్కన నీళ్ల సీసా ఉంచండి, బాత్రూం లైటు ఆర్పకండి.