పొద్దున్నే కీచుమనే పాత మారుతి: బెల్టులు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

"2006 మోడల్ మారుతి 800. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బానెట్‌లోంచి కీచుమని అరుస్తుంది, కాసేపటికి ఆగుతుంది, ఏసీ వేస్తే మళ్లీ మొదలు. మెకానిక్ ఆల్టర్నేటర్ మార్చాలంటున్నాడు. అంతకుముందు బెల్టులు నేనే ఇంట్లో మార్చి చూడొచ్చా?" అని మీ ప్రశ్న.

చూడొచ్చు. పానా పట్టుకోవడం వస్తే చాలు, ఆదివారం ఒక పూట పని. బెల్టు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూడకుండానే ఆల్టర్నేటర్ మాట ఎత్తే మెకానిక్ దగ్గరకి నేనైతే మళ్లీ బండి తీసుకెళ్లను.

మీరు చెప్పిన దాంట్లోనే జవాబు ఉంది. రాత్రంతా ఆగి ఉన్న బండిని స్టార్టర్ తిప్పేసరికి బ్యాటరీ కొంత ఖర్చవుతుంది. దాన్ని తిరిగి నింపడానికి మొదటి నిమిషాల్లో ఆల్టర్నేటర్ గట్టిగా పనిచేస్తుంది, అప్పుడు దాన్ని తిప్పడం బరువవుతుంది. బెల్టు వదులైనా, పక్కలు అరిగి నున్నగా మెరుస్తున్నా ఆ బరువుకి పుల్లీ (బెల్టు తిరిగే గాడి చక్రం) మీద జారుతుంది. ఆ జారుడే మీకు వినపడే అరుపు. బ్యాటరీ కోలుకోగానే బరువు తగ్గి అరుపు ఆగుతుంది. ఏసీ వేస్తే కంప్రెసర్ బరువు రెండో బెల్టు మీద పడి అది అరుస్తుంది. బేరింగ్ పోయిన ఆల్టర్నేటర్ ఇలా వేళ చూసుకుని అరవదండి, ఇంజన్ తిరిగినంతసేపూ గరగరమంటూనే ఉంటుంది.

నాకీ బెల్టుల సంగతి ఎలా తెలుసంటే, మా నాన్న పాలకొల్లు దగ్గర ఒక రైస్ మిల్లులో ఇంజన్ డ్రైవర్‌గా చేసేవారు. ఆ రోజుల్లో మిల్లులో పొడుగాటి షాఫ్టు, దాని మీంచి ఒక్కో మిషనుకీ ఒక్కో చదును బెల్టు. మా ఇల్లు మిల్లు గోడ పక్కనే. బెల్టు జారి అరిచిందంటే ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్లేవారు. అరుపు ఆపడానికి ఏదో ఒకటి పూసి వచ్చేయడం ఆయనకి గిట్టేది కాదు. ముందు పుల్లీ చూసేవారు, తర్వాత బిగువు చూసేవారు, చివరకే బెల్టు ముట్టుకునేవారు. ఆయన కొన్న మారుతి 800 నేనే నడుపుతున్నాను, దానికీ అదే వరసలో చేస్తాను.

పోయిన కార్తీకంలో జరిగింది చెప్తాను. మా అమ్మకి పంచారామాల్లో పాలకొల్లు, భీమవరం అయిపోయాయి. అవి మాకు కూతవేటు దూరం. ఇక సోమవారం నాడు ద్రాక్షారామం, సామర్లకోట చూడాలని ఆవిడ పట్టు. చించినాడ వంతెన మీంచి రాజోలు, అమలాపురం దాటి, ఎదుర్లంక వంతెన మీద యానాం చేరి, అక్కణ్ణుంచి ద్రాక్షారామం. రద్దీ పెరగక ముందే గుడి చేరాలంటే తెల్లవారుజామునే బయల్దేరాలి. అంటే హెడ్‌లైట్లు, మంచుకి అద్దం మసకబారకుండా ఏసీ, మధ్యమధ్యలో వైపర్, అన్నీ ఒకేసారి. ఆల్టర్నేటర్‌కి అంతకంటే బరువైన వేళ ఉండదు. శనివారం సాయంత్రమే బండి కీచుమని మొదలెట్టింది.

ఆదివారం పొద్దున్న బానెట్ ఎత్తాను. పక్కింటి బాబాయి గారు మా అరుగు మీద కూర్చుని, "అమ్మాయ్, ఓ సబ్బుముక్క రుద్దెయ్యి, నోరు మూసుకుంటది" అన్నారు.

"నోరు మూసుకుంటది గానీ జారుడు ఆగదండి బాబాయి గారూ. ఈ ఇంజన్‌లో వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది" అన్నాను.

"అయితే?"

"సబ్బు రాస్తే చప్పుడు లేకుండా జారుతుంది. నీళ్లు సరిగ్గా తిరగవు, ఇంజన్ వేడెక్కుతుంది. ఇంజన్ పైన మూతలా ఉండే హెడ్డు అల్యూమినియందండి, వంగిందంటే ఆ ఖర్చుకి ఇంకో పాత బండి వస్తుంది."

ఆయన తర్వాత మాట్లాడలేదు, కాఫీ తాగుతూ చివరిదాకా చూశారు. మీరు కూడా ఈ ఒక్క మాట పట్టుకోండి: అరుపు ఆపడం వేరు, జారుడు ఆపడం వేరు. సబ్బు, కొవ్వొత్తి మైనం, షాపులో డబ్బాలో అమ్మే బెల్టు స్ప్రే, ఇవన్నీ కాసేపు చెవులకి హాయి. ఆ తర్వాత వాటికి దుమ్ము అంటుకుని అరుపు ఇంకా పెరుగుతుంది.

విప్పే ముందు నీళ్ల పరీక్ష చేయండి. ఇంజన్ నడుస్తుండగా, దూరంగా నిలబడి, చిన్న సీసాతో బెల్టు లోపలి వైపు కొద్దిగా నీళ్లు చిమ్మండి. పైట, చున్నీ, జడ ఏదీ దగ్గరకి రాకుండా బిగించి కట్టుకోవాలి. అరుపు పెరిగితే బెల్టు వదులైనట్టు. ఒక్క క్షణం ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరుసలో లేకపోవడమో, బెల్టు అరుగుదలో అనుకోండి. మా బండికి నీళ్లు పడగానే రెట్టింపు అరిచింది.

తర్వాత ఇంజన్ చల్లారనిచ్చి ముందుగా బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేశాను. ఇది చాలామంది చేయరు. ఆల్టర్నేటర్ వెనక ఉండే లావు వైరుకి తాళం తీసేసినా కరెంటు ఉంటుంది. పానా దానికీ బాడీకీ ఒకేసారి తగిలిందంటే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది, చెయ్యి కాలుతుంది.

చక్రం విప్పితే చెయ్యి బాగా ఆడుతుంది. ఇక్కడ మన నేల సంగతి చెప్పాలి. మన గోదావరి వైపు ఒండ్రు నేల, రెండు వానలు పడితే జాకీ కింద మెత్తగా దిగిపోతుంది. జాకీ కింద వెడల్పాటి మందపు చెక్క పలక వేయండి, ఎత్తాక స్టాండు పెట్టండి. మా వైపు ఇటుకలు పేర్చి దాని మీద బండి నిలబెట్టేవాళ్లని చూస్తుంటే నాకు గుండె జారుతుంది. ఇటుక చెప్పకుండా నలుగుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద తల పెట్టడం అంతకంటే ఘోరం.

బోల్టులకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ పెట్టి ఉంచాను. ఉప్పుగాలికి మా బళ్లలో బోల్టులు కరుచుకుపోతాయి. ఆ ఆయిల్ కొత్త బెల్టుకి గానీ పుల్లీ గాడికి గానీ తగలనివ్వొద్దు, చుక్క అంటినా శుభ్రంగా తుడిచెయ్యాలి. మా బండిలో ఏసీ బెల్టు బయటి వరుసలో ఉంది కాబట్టి ముందు అది రావాలి. దాని బిగువంతా ఒక చిన్న ఐడ్లర్ పుల్లీ చేతిలో ఉంటుంది. ఆ పుల్లీ మధ్య నట్టు వదులు చేసి, సర్దుబాటు బోల్టు తిప్పితే బెల్టు చేతికొస్తుంది. రెండోది ఆల్టర్నేటర్, వాటర్ పంపు బెల్టు. ఆల్టర్నేటర్‌కి ఒకవైపు ఇరుసు బోల్టు, ఇంకోవైపు పొడుగు గాడి ఉన్న పట్టీలో ఒక బోల్టు. రెండూ వదులు చేసి, ఆల్టర్నేటర్‌ని ఇంజన్ వైపు తోస్తే బెల్టు జారి వస్తుంది.

అమ్మ టార్చి పట్టుకుని పక్కనే నిలబడింది. పాత బెల్టు బయటికి రాగానే చేతిలోకి తీసుకుని, "ఈ నల్లతాడుకేనే ఇంత హంగామా?" అంది. అప్పుడు దాన్ని తిరగేసి చూపించాను. పక్కలు రెండూ అద్దంలా మెరుస్తున్నాయి, అడుగున సన్నటి బీటలు. ఈ వీ ఆకారం బెల్టు పట్టంతా పక్కల్లోనే ఉంటుంది. పక్కలు అరిగి అడుగు భాగం గాడి కిందకి ఆనిందంటే ఎంత బిగించినా జారుతుంది.

ఇక పుల్లీ గాడి. టార్చి వేసి చూస్తే వరి తాలు, గడ్డి నలక, నల్లటి రబ్బరు పొడి కలిసి గట్టి పెచ్చులా కట్టి ఉంది. సార్వా కోతలప్పుడు మా రోడ్లన్నీ ధాన్యం ఆరబోతలే. ఒక పక్క ధాన్యం, దాని చివర్న అడ్డంగా రాళ్లు, బండి వెళ్లేసరికి ఆ తాలంతా బానెట్ కిందకి లేస్తుంది. రైతుల్ని తప్పు పట్టను. వాళ్లకి ఆరబెట్టుకోవడానికి చోటేదీ? మా చిన్నప్పుడు ఊరి చుట్టూ కళ్లాలుండేవి. ఇప్పుడు ఆ చోట్లు చాలావరకు చేపల చెరువులో, రొయ్యల చెరువులో అయిపోయాయి. ఆ చెరువుల దగ్గర నుంచి వచ్చే లారీలు దారి పొడుగునా నీళ్లు కార్చుకుంటూ పోతాయి, అదంతా బండి కింద పడి ఇనుముని తినేస్తుంది. నా లెక్కలో గోదావరి జిల్లాల్లో బెల్టు మిగతా చోట్ల బెల్టుకంటే సగం కాలమే బతుకుతుంది. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు చూసుకుని కూర్చోకండి. సార్వాకి ఒకసారి, దాళ్వాకి ఒకసారి బానెట్ ఎత్తి బెల్టు చూసుకోండి.

పాత టూత్ బ్రష్‌తో గాడులన్నీ గీకి, పొడిగుడ్డతో తుడిచాను. బెల్టులు లేనప్పుడు ఒక్కో పుల్లీని చేత్తో తిప్పి చూడాలి, ఇంత మంచి అవకాశం మళ్లీ రాదు. ఆల్టర్నేటర్ తిరిగేటప్పుడు ఇసుక నలిగినట్టు ఉందా? వాటర్ పంపు పుల్లీని పట్టుకుని ఊపితే కదులుతోందా? పంపు కింద కూలెంట్ కారిన మరక ఉందా? ఐడ్లర్ గరగరమంటోందా? వీటిలో ఏదైనా ఉంటే కొత్త బెల్టు వేసినా లాభం లేదు, ముందు ఆ పని చేయించండి. మా బండికి అన్నీ నున్నగా తిరిగాయి.

బెల్టు కొనేటప్పుడు కూడా జాగ్రత్త. పాత బెల్టు వీపు మీద వెడల్పు, పొడవు అంకెలు ఉంటాయి, చెరిగిపోకముందే రాసిపెట్టుకోండి. నేను వెళ్లిన ఒక స్పేర్ పార్ట్స్ షాపులో కుర్రాడు అంకెలు చూడకుండా, కంటి అంచనాతో, వాకిట్లో మేకుకి ఎండలో వేలాడుతున్న బెల్టు తీసిచ్చాడు. ఎండకి రబ్బరు గట్టిపడుతుంది, సన్న మేకుకి వేలాడితే ఒకేచోట మడతపడి లోపలి దారాలు దెబ్బతింటాయి. కవరుతో, పెట్టెలో ఉన్నదే ఇమ్మని అడగండి. పొడవు కాస్త తేడా వచ్చినా పట్టీ గాడిలో సర్దుబాటు సరిపోదు. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయినా బెల్టులకి ఇంకా కొదవ లేదు, కాబట్టి ఏదో ఒకటి తీసుకుని సర్దుకోవాల్సిన అవసరం లేదు.

ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో పుల్లీ మీంచి బలవంతంగా గుంజొద్దు. ఆల్టర్నేటర్‌ని పూర్తిగా లోపలికి తోస్తే బెల్టు చేత్తోనే ఎక్కుతుంది. బిగువుకి నేను ఒక కర్రముక్కని ఆల్టర్నేటర్ ముందు భాగానికి ఆనించి, దాన్ని బయటికి తోసి పట్టుకుని, ఇంకో చేత్తో పట్టీ బోల్టు బిగించాను, ఆ తర్వాత ఇరుసు బోల్టు. వెనక భాగానికి కర్ర ఆనిస్తే ఆ పల్చటి అల్యూమినియం పగలొచ్చు. రెండు పుల్లీల మధ్య పొడుగ్గా ఉన్నచోట బొటనవేలితో గట్టిగా నొక్కితే అర సెంటీమీటరు దాటి, ఒక సెంటీమీటరు లోపే దిగాలి. అరవకూడదని మరీ బిగించేవాళ్లున్నారు. ఆ లాగుడంతా వాటర్ పంపు, ఆల్టర్నేటర్ బేరింగుల మీద పడుతుంది. పోయిన వారం బెల్టు మార్చి ఈ వారం పంపు మార్చిన కథల వెనక చాలావరకు ఈ అతి బిగింపే ఉంటుందని నా గట్టి నమ్మకం.

సోమవారం మంచులో హెడ్‌లైట్లు, ఏసీ వేసుకుని బయల్దేరాం, యానాం దాకా ఒక్క కీచు లేదు. సామర్లకోట నుంచి వచ్చాక మళ్లీ నొక్కి చూసి కొంచెం బిగించాను. కొత్త బెల్టు మొదట్లో సాగుతుంది, ఈ రెండో బిగింపు మీరూ మర్చిపోవద్దు.

ఇంజన్ వాల్వులని సరైన వేళకి తెరిచి మూయించే టైమింగ్ బెల్టు సంగతి వేరు. అది ప్లాస్టిక్ కవర్ లోపల ఉంటుంది, ఇలా అరవదు. ఇంట్లో సరదాగా విప్పే పని కాదు, గుర్తులు ఒక పన్ను తప్పినా ఇంజన్ సరిగ్గా నడవదు. దాన్ని మాత్రం తెలిసినవాళ్లకే వదిలేయండి.

ఇక మీ మెకానిక్ చెప్పిన ఆల్టర్నేటర్. కొత్త బెల్టు వేసి, బిగువు సరిచూసుకున్నాక మల్టీమీటర్ బ్యాటరీ మీద పెట్టండి. బండి ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. ఇంజన్ నడుస్తుండగా, లైట్లు, బ్లోయర్ వేసి, యాక్సిలరేటర్ కాస్త తొక్కి ఉంచితే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంత ఉంటే ఆల్టర్నేటర్ జోలికి వెళ్లకండి. 13 కూడా దాటకపోతే ముందు వైర్ల కనెక్షన్లు చూపించి, అవి బాగుంటే అప్పుడు ఆల్టర్నేటర్ విప్పమనండి. అప్పుడు కూడా బ్రష్‌లు, రెగ్యులేటర్ చూడమని గట్టిగా అడగండి, చాలాసార్లు వాటితోనే సరిపోతుంది.