పావురాల దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

లార్డ్ క్రోమర్ మీద నీ వ్యాసం చదివాను. మొదటి పేరాలోనే అతన్ని నరరూప రాక్షసుడు అనేశావు. ఇక మిగతా ఆరు పేజీలు దేనికయ్యా? నీ వయసులో నేనూ ఓ తెల్ల కలెక్టరు మీద ఇలాగే రాస్తే, ఎడిటరు ఎర్రసిరాతో విశేషణాలన్నీ కొట్టేశాడు. మిగిలింది అరపేజీ.

అతని హోదా చూడు. 1883 నుంచి 1907 దాకా ఈజిప్టులో అతను బ్రిటన్ తరఫు కాన్సల్ జనరల్, అంటే రాయబారి లాంటివాడు, అంతే. గద్దె మీద ఖెదివ్ (ఈజిప్టు పాలకుడి బిరుదు) ఉన్నాడు, మంత్రులున్నారు, ఖెదివ్‌కి పైన పేరుకి ఎక్కడో ఇస్తాంబుల్లో సుల్తానూ ఉన్నాడు. క్రోమర్ ఇచ్చేది సలహా. కాకపోతే సలహా వినని మంత్రి పదవిలో ఉండకూడదని 1884 జనవరిలోనే లండన్ తేల్చేసింది. 1893లో పద్దెనిమిదేళ్ల ఖెదివ్ అబ్బాస్ హిల్మీ తనకు నచ్చినవాణ్ణి ప్రధానమంత్రిని చేసుకుంటే, వారం తిరక్కుండానే దించాల్సి వచ్చింది. ఆ ‘సలహా’ అన్న మాటను పట్టుకో. (కోఠీలో కూర్చుని బ్రిటిష్ రెసిడెంటు నిజాముకిచ్చినవీ సలహాలేగా! క్రోమర్ కూడా మన దేశంలో వైస్రాయిల దగ్గర పనిచేసి వెళ్లినవాడే.)

దిన్షవాయి అనే ఈజిప్టు పల్లెలో జరిగినదాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు. అక్కడ ఆగాలి. 1906 జూన్. రైతులు పెంచుకునే పావురాల్ని ఇంగ్లీషు అధికారులు సరదాకి కాల్చారు. కళ్లం అంటుకుంది, ఒకావిడకి గుండు తగిలింది. జనం కర్రలు పట్టుకుని మీదపడ్డారు. దెబ్బలు తిని మండుటెండలో పారిపోయిన ఒక అధికారి చచ్చిపోయాడు. ప్రత్యేక కోర్టు పెట్టి విచారించి, రెండు వారాలకి నలుగురిని ఆ ఊళ్లోనే, ఊరివాళ్ల కళ్లముందే ఉరితీశారు. క్రోమర్ అప్పటికి సెలవు మీద వెళ్లిపోయాడు. ఇది దాచకు. అతను లేకపోయినా పని ఆగలేదన్నదే నువ్వు రాయాల్సింది.

ఆ కోర్టులో కూర్చున్న ఈజిప్టు జడ్జీల్లో ఒకడు ఫత్హీ జగ్లూల్. ఇతని అన్న సాద్‌ని అదే ఏడాది క్రోమర్ విద్యామంత్రిని చేయించాడు. సాద్ మామగారు ముస్తఫా ఫహ్మీ, క్రోమర్ గీసిన గీత దాటని ప్రధానమంత్రి. మరి 1919లో ఇంగ్లీషువాళ్ల మీద ఈజిప్టు లేచినప్పుడు నాయకుడెవరు? ఈ సాదే. నీ వ్యాసంలో ఈ అన్నదమ్ముల ఊసే లేదు.

సంక్రాంతికి వస్తావుగా, తిరగరాసి పట్టుకురా. ఫత్హీ విషయంలో నాకూ ఓ పేచీ ఉంది, ఎదురెదురుగా కూర్చుని తేల్చుకుందాం.

మీ అన్నయ్య